ట్యాక్స్ తగ్గించామంటున్నారు, మరి నెలాఖరుకు ఏమీ మిగలడం లేదేంటి?

మున్నేకొళాల_మధు
నా జీతం ఏడాదికి 15 లక్షలు. 2025 బడ్జెట్‌లో 12 లక్షల దాకా ట్యాక్స్ లేదన్నప్పుడు సంబరపడ్డాను. అదే ఏడాది సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా తగ్గించారు. అయినా నెలాఖరుకు ఖాతాలో మిగిలేది ఎప్పటిలాగే ఉంది. మా ఫ్లాట్‌లో ఒకడేమో ఇదంతా కర్ణాటక ప్రభుత్వం ఉచితాల కోసం పిండుకోవడం వల్లే అంటాడు. ఇంకొకడేమో కేంద్రం కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో లాక్కుంటోందంటాడు. పైగా ఈ బెంగళూరులో చూస్తే సైబర్ మోసాలు, దోపిడీలు. ఇన్ని పన్నులు కట్టి కూడా ఈ టెన్షన్ ఏంటి? జెండాలు పక్కనబెట్టి ఎవరైనా లెక్కలతో చెప్పండి. ట్యాక్స్ తగ్గిస్తే నిజంగా ఎవరికి మేలు?

కేఆర్‌పురం_కిట్టు
జెండాలు పక్కనబెట్టమన్నావు కదా, ఇప్పుడు చూడు, అందరూ కర్రలతో సహా తెస్తారు.

అంకెల_ఆనంద్
మధు, ముందు నీ లెక్క చూద్దాం. 15 లక్షల్లో స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీస్తే 14.25 లక్షలు. కొత్త పన్ను విధానంలో పాత శ్లాబుల ప్రకారం సెస్సుతో కలిపి 1,30,000 కట్టేవాడివి. ఇప్పుడు 97,500. మిగిలింది 32,500, అంటే నెలకు 2,700 చిల్లర. అదే 12.75 లక్షల జీతగాడికి 83,200 నుంచి సున్నాకు దిగింది. నీకన్నా ఎక్కువ లాభపడింది వాళ్ళు. నీకు వచ్చిన 2,700 మున్నేకొళాలలో అద్దె పెంపులోనే పోయుంటుంది.

ఇంకో మాట. పాత విధానంలో ఉండి ఇంటద్దె, ఇంటి లోన్, 80సీ చూపించుకునేవాళ్ళకు ఈ బడ్జెట్‌లో మారిందేమీ లేదు.

మున్నేకొళాల_మధు
అద్దె సంగతి కరెక్టే. ఓనరు మొన్ననే 3 వేలు పెంచాడు.

హోసూరు_రోడ్డు_హరి
ఆనంద్ గారు చెప్పింది సగం. కేంద్రం ఏటా లక్ష కోట్ల దాకా ఆదాయం వదులుకుని ఇచ్చిన డబ్బు ఎక్కడికి పోతోందో కూడా చూడాలి. బెంగళూరులో 2025 ఒక్క ఏడాదిలో ఏమేం పెరిగాయో చూడండి. జనవరిలో బస్సు చార్జీలు 15 శాతం. ఫిబ్రవరిలో మెట్రో గరిష్ఠ చార్జీ 60 నుంచి 90. ఏప్రిల్ ఒకటిన నందిని పాలు లీటరుకు 4 రూపాయలు, డీజిల్ 2 రూపాయలు, చెత్త మీద కొత్త సెస్సు. అంతకు ముందు 2024 జూన్‌లో పెట్రోలు, డీజిల్ లీటరుకు మూడేసి రూపాయలు. కర్ణాటక ప్రభుత్వం ఐదు గ్యారంటీ పథకాలకు 2025-26 బడ్జెట్‌లో పెట్టింది 51,034 కోట్లు. అది ఆకాశం నుంచి రాలిపడదు కదా. మనలాంటి వాళ్ళ దగ్గర తీసి ఓట్ల కోసం పంచుతున్నారు.

వైట్‌ఫీల్డ్_వాణి
హరి గారు 2020 సంగతి మర్చిపోయినట్టున్నారు. ఆ ఏడాది ప్రపంచమంతా ముడిచమురు ధర పడిపోతే మే నెలలో కేంద్రం పెట్రోలు మీద లీటరుకు 10, డీజిల్ మీద 13 రూపాయల సుంకం పెంచింది. 2021 నవంబర్‌లో కొంత, 2022 మేలో కొంత తగ్గించారు సరే. కానీ ఆ మధ్యకాలంలో బండి నడిపిన ప్రతివాడూ కట్టాడు. అప్పుడు "దేశం కోసం" అన్నారు, ఇప్పుడు మూడు రూపాయలకు "దోపిడీ" అంటున్నారు.

మెట్రో చార్జీ రాష్ట్రం ఒక్కటే పెంచలేదు. కేంద్రం, రాష్ట్రం సగం సగం వాటా ఉన్న సంస్థ అది.

ఇక ఉచితాలంటారా. మా ఇంట్లో పనిచేసే అక్క హోస్కోటే వైపు నుంచి వస్తుంది. ఆడవాళ్ళకు బస్సు ఉచితం చేసిన శక్తి పథకం మొదలైంది 2023 జూన్ 11న. అంతకు ముందు బస్సు డబ్బులకు భయపడి దగ్గర్లోనే తక్కువ జీతానికి చేసేది. ఇప్పుడు దూరం వచ్చి ఎక్కువ సంపాదిస్తోంది. 2025 జులైకల్లా 500 కోట్ల టికెట్లు దాటాయి. అందులో ఇలాంటి వాళ్ళు ఎంతమందో ఆలోచించండి. నా దృష్టిలో అది కూడా ట్యాక్స్ తగ్గింపే. మీకు కంపెనీ ఇచ్చే పన్ను కాగితం ఫారం 16లో కనిపిస్తుంది, ఆమెకు బస్సులో కనిపిస్తుంది.

హోసూరు_రోడ్డు_హరి
ఫారం 16 వాడు కట్టింది తగ్గించుకున్నాడు. ఆమె ఏం కట్టిందని తగ్గింపు?

వైట్‌ఫీల్డ్_వాణి
సబ్బు కొనదా? నూనె కొనదా? జీఎస్టీ వచ్చిన 2017 జులై నుంచి 2025 సెప్టెంబర్ దాకా సబ్బు మీద, టూత్‌పేస్ట్ మీద, తలనూనె మీద 18 శాతం కట్టింది. మీరూ అంతే కట్టారు, ఆమే అంతే కట్టింది. ఆమె జీతంలో అది ఎంత భాగమో, మీ జీతంలో ఎంత భాగమో లెక్కేసుకోండి.

కేఆర్‌పురం_కిట్టు
మూడూ 5 శాతానికి దిగాయి కదా. మా కొట్టాయన దగ్గర సబ్బు మాత్రం ఇంకా పాత రేటుకే "పాత స్టాకు" అంటున్నాడు. ఆ స్టాకు ఎప్పుడయిపోతుందో.

సిల్క్‌బోర్డ్_శీను
హెల్త్ ఇన్సూరెన్స్ మీద 18 శాతం జీఎస్టీ తీసేసింది మాత్రం నాకు బాగా తెలిసింది. అమ్మానాన్నల పాలసీ ఏటా నేనే కడతాను. ఎవరు చేసినా మంచి మంచే అనాలి.

రాత్రిషిఫ్టు_రమ్య
శక్తి గురించి ఒక మాట. ఇక్కడున్న మన తెలుగు ఆడవాళ్ళలో చాలామందికి అది వర్తించదు. కర్ణాటక అడ్రసున్న గుర్తింపు కార్డు కావాలి. నా ఆధార్ గుంటూరుది. టికెట్ కొనుక్కునే వెళ్తాను. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పెట్టారు, కానీ అది రాష్ట్రం దాటే బస్సులకు లేదు. ప్రొఫెషనల్ ట్యాక్స్ నెలనెలా కర్ణాటకకు కడుతున్నాను. బస్సులో మాత్రం నేను ఎవరికీ చెందను. ఇందులో ఏ పార్టీని తిట్టాలో మీరే చెప్పండి.

పెనుకొండ_పిల్లోడు
ఆధార్ అడ్రసు మార్చుకో అక్కా, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది.

రాత్రిషిఫ్టు_రమ్య
పీజీ వాళ్ళు రెంటల్ అగ్రిమెంట్ ఇవ్వరు తమ్ముడూ. అదీ అసలు కష్టం.

కర్రీపాయింట్_సుబ్బు
మీరంతా 12 లక్షలు, 15 లక్షలు అంటున్నారు. నేను జీతగాణ్ని కాదు, కర్రీ పాయింట్ నడుపుతాను. మా వీధిలో ట్యాక్స్ అంటే వేరే కథ.

2025 జులైలో ఏం జరిగిందో గుర్తుందా? యూపీఐ లెక్కలు చూసి వాణిజ్య పన్నుల శాఖ వాళ్ళు వేలమంది చిన్న వ్యాపారులకు నోటీసులు పంపారు. సరుకులైతే ఏడాదికి 40 లక్షలు, సేవలైతే 20 లక్షల టర్నోవర్ దాటితే రిజిస్టర్ కావాలి, మీరెందుకు కాలేదు అని. హావేరిలో కూరగాయలమ్మే ఒకాయనను 29 లక్షలు కట్టమన్నారని పేపర్లన్నీ రాశాయి. తాజా కూరగాయల మీద అసలు జీఎస్టీయే లేదు!

నాకు నోటీసు రాలేదు. కానీ మా పక్క బేకరీ ఆయన రాత్రికి రాత్రి క్యూఆర్ స్టిక్కర్ పీకేసి "నో యూపీఐ, ఓన్లీ క్యాష్" అని అట్ట కట్టేశాడు. ఆయన్ని చూసి నేను, నన్ను చూసి ఇస్త్రీ బండాయన. మా దగ్గర కొనేవాళ్ళంతా ఐటీ పిల్లలు, పీజీ పిల్లలు. జేబులో నోటు పెట్టుకుని తిరిగే అలవాటే లేదు వాళ్ళకు. పప్పు పొట్లం కోసం ఏటీఎంకు ఎవరెళ్తారు? సాయంత్రం బేరం సగానికి పడిపోయింది. వండినవి పారబోశాం.

టర్నోవర్ వేరు, లాభం వేరు. రోజుకు 12 వేల అమ్మకమున్న బేకరీ ఏడాదికి 40 లక్షలు దాటుతుంది. అందులో మైదా, నూనె, గ్యాసు, కరెంటు, అద్దె, పనివాళ్ళ జీతాలు పోతే ఆయనకు మిగిలేది మధు జీతంలో సగం కూడా ఉండదు. పైగా ఆ ఖాతాలోకి చెల్లెలు పంపిన డబ్బు, చీటీ పాట డబ్బు అన్నీ వస్తాయి. అవన్నీ అమ్మకాలే అంటే ఏం చెప్తాడు?

జీతగాళ్ళకు తగ్గించినప్పుడు టీవీల్లో రెండు రోజులు పండగ. మాకు నోటీసులొచ్చినప్పుడు రెండు పార్టీలూ "మా తప్పు కాదు, వాళ్ళది" అని ఒకరి మీద ఒకరు చెప్పుకున్నాయి.

హోసూరు_రోడ్డు_హరి
సుబ్బన్నా, ఆ నోటీసులు పంపింది రాష్ట్ర శాఖ. ఇక్కడున్నది ఎవరి ప్రభుత్వం? గ్యారంటీలకు డబ్బు చాలక చిన్నవాళ్ళ మీద పడ్డారని నేను చెప్పేది ఇదే.

వైట్‌ఫీల్డ్_వాణి
ఆ నియమం జీఎస్టీ కౌన్సిల్‌ది, దానికి అధ్యక్షత కేంద్ర ఆర్థిక మంత్రిది. 40 లక్షల గీత గీసింది సిద్ధరామయ్య కాదు. గొడవ పెద్దదయ్యాక ఆయనే వ్యాపారులను పిలిచి మాట్లాడి, పాత బకాయిలు అడగం, ఇకపై మాత్రం రిజిస్టర్ కండి అన్నారు.

కర్రీపాయింట్_సుబ్బు
చూశారా, మళ్ళీ అదే. గీత గీసినవాడు ఒకడు, కర్ర పట్టుకున్నవాడు ఇంకొకడు. దెబ్బ మాకు.

వాణి గారూ, అడగం అని చెప్పేలోపే మా బేరం పోయింది. హరి గారూ, రేపు మీ పార్టీ వస్తే ఆ శాఖ యూపీఐ లెక్కలు చూడడం మానేస్తుందా?

హోసూరు_రోడ్డు_హరి
మానదు. మానకూడదు కూడా. కానీ నోటీసుకు ముందు వీధిలోకి వచ్చి వ్యాపారులకు నియమం చెప్పాలి. ఈ విషయంలో మీతోనే ఉన్నాను.

అంకెల_ఆనంద్
సుబ్బు గారు, కాంపోజిషన్ పథకం ఒకటుంది. 1.5 కోట్ల టర్నోవర్ దాకా వ్యాపారులు 1 శాతం, హోటళ్ళ లాంటివి 5 శాతం కట్టి సరిపెట్టుకోవచ్చు. మూడు నెలలకోసారి కట్టాలి. కస్టమర్ దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చేయకూడదు, మీరు కొన్న సరుకు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. ఉండే మార్జిన్ మీద 5 శాతం బరువేనని నాకూ తెలుసు. అయినా క్యాష్‌కు మారి బేరం పోగొట్టుకోవడం కంటే నయం.

డల్లాస్_రిటర్న్
ట్యాక్స్ తగ్గిస్తే ఎకానమీ పరిగెడుతుందనే వాళ్ళకు అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం సంగతి చెప్పాలి. మేం పక్క రాష్ట్రాల్లో ఉండగా చూశాం. 2012లో అక్కడి గవర్నర్ బ్రౌన్‌బ్యాక్, రిపబ్లికన్, రాష్ట్ర ఆదాయపు పన్ను బాగా తగ్గించారు. చాలా రకాల వ్యాపారాల ఆదాయం మీదైతే సున్నా చేశారు. పెట్టుబడులొస్తాయి, ఉద్యోగాలొస్తాయి అన్నారు. వచ్చింది ఖజానాలో కన్నం. స్కూళ్ళ డబ్బు మీద కోర్టు దాకా వెళ్ళారు. చివరికి 2017లో అదే పార్టీ మెజారిటీ ఉన్న సభ గవర్నర్ వీటోను కూడా కాదని ఆ తగ్గింపులు చాలావరకు వెనక్కి తీసుకుంది. సొంత పార్టీ వాళ్ళే ఆ పని చేయడం నాకు బాగా గుర్తుండిపోయింది. మన దగ్గర అలా జరుగుతుందా?

హోసూరు_రోడ్డు_హరి
కాన్సస్ దాకా ఎందుకు? 1973-74లో మన దేశంలో పై శ్లాబు 97.75 శాతం. వంద సంపాదిస్తే చివర్న రెండు రూపాయల పావలా మిగిలేది. ఎవరు కట్టారు? నల్లడబ్బు పెరిగింది. 1997లో చిదంబరం 40 నుంచి 30కి తగ్గించారు, అది మీరు మెచ్చే పార్టీల మద్దతున్న ప్రభుత్వమే. ఆ 30 ఇప్పటికీ ఉంది. తగ్గింపు పనికిరానిదైతే ఇన్నేళ్ళుగా ఎవరూ ఎందుకు పెంచలేదు?

డల్లాస్_రిటర్న్
97 నుంచి తగ్గించడం వేరు, 30 నుంచి తగ్గించడం వేరు. 2019 సెప్టెంబర్‌లో కంపెనీలకు 30 నుంచి 22 శాతానికి తగ్గించారు. 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. ఉద్యోగాలొచ్చాయా?

అంకెల_ఆనంద్
దీనికి జవాబు కేంద్రం సొంత ఆర్థిక సర్వేలోనే ఉంది. 2024-25 సర్వే ప్రకారం 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగితే, ఉద్యోగుల సంఖ్య 1.5 శాతమే పెరిగింది. ప్రతిపక్షం మాట కాదిది.

హోసూరు_రోడ్డు_హరి
మధ్యలో కోవిడ్ వచ్చింది. ఆ తగ్గింపు లేకపోతే ఎన్ని కంపెనీలు మూతపడేవో ఎవరు చెప్పగలరు?

పెనుకొండ_పిల్లోడు
మా ఊరి పక్క కియా ఫ్యాక్టరీకి రాయితీలిచ్చినప్పుడూ ఇలాగే తిట్టారు. ఇప్పుడు మా క్లాస్‌మేట్లు కొందరు అక్కడే పని చేస్తున్నారు. నేనే ఇక్కడికొచ్చి ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో కూర్చున్నా. రాయితీ ఇస్తే కంపెనీ వస్తుంది, అది నిజం.

సిల్క్‌బోర్డ్_శీను
విశాఖలో టీసీఎస్‌కు 99 పైసలకు 21 ఎకరాలిచ్చినప్పుడు మా ఆఫీసులో తెలుగువాళ్ళమే రెండు ముక్కలయ్యాం. గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చాక ఇక్కడి మంత్రి రాయితీల లెక్క అడగడం, అక్కడి మంత్రి ఆంధ్రా కారం సంగతి ఎత్తడం. ట్విట్టర్‌లో వాళ్ళిద్దరూ, క్యాంటీన్‌లో మేం.

వైట్‌ఫీల్డ్_వాణి
పిల్లోడా, కంపెనీకి భూమి దాదాపు ఊరికే ఇస్తే ప్రోత్సాహకం, ఆడవాళ్ళకు బస్సు ఊరికే ఇస్తే ఉచితం. పేర్లలోనే ఉంది పక్షపాతం.

పెనుకొండ_పిల్లోడు
కంపెనీ జీతం ఇస్తుంది అక్కా. బస్సు ఇవ్వదు.

వైట్‌ఫీల్డ్_వాణి
బస్సు ఆ జీతం దగ్గరికి తీసుకెళ్తుంది.

కేఆర్‌పురం_కిట్టు
వాణి అక్క కొట్టిన సిక్స్ సిల్క్ బోర్డు దాటింది.

బొమ్మనహళ్ళి_బాబాయ్
మధు మొదటి పోస్టులో క్రైమ్ గురించి కూడా అడిగాడు, దాన్ని అందరూ వదిలేశారు. నేను చెప్తాను.

మా బావగారు రిటైరై మదనపల్లెలో ఉంటారు. ఆరోగ్యం చూపించుకోవడానికి మా ఇంటికి వచ్చినప్పుడు వీడియో కాల్ వచ్చింది. అవతల ఖాకీ చొక్కా, వెనక పోలీసు స్టేషన్ లాంటి గది. మీ పేరున పార్శిల్‌లో మత్తుమందు దొరికింది, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, ఎవరికీ చెప్పొద్దు అన్నారు. పక్క గదిలో మేం ఉన్నాం. ఆయన తలుపు వేసుకుని రోజంతా ఆ ఫోను ముందే కూర్చున్నారు. ఒంట్లో బాగాలేదు, పడుకున్నారనుకున్నాం. రిటైర్మెంట్ డబ్బులో చాలా భాగం పంపేశారు. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదని ఆ రోజు ఆయనకు ఎవరైనా ఒక్క మాట చెప్పుంటే చాలు.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం, కొంత డబ్బు ఒక ఖాతాలో ఆగింది. మిగతాది అప్పటికే పది ఖాతాలు మారిపోయింది. స్టేషన్‌లో ఓపిగ్గానే విన్నారు, కానీ అక్కడి అధికారి బల్ల మీద ఇలాంటి ఫైళ్ళు గుట్టగా ఉన్నాయి. ఒక్కో అధికారికి అన్ని కేసులుంటే ఎవరు పట్టుకుంటారు? అందుకే ట్యాక్స్ తగ్గించండి అని ఎవరన్నా నాకు కోపమొస్తుంది. ఆ బల్ల దగ్గర ఇంకో ఇద్దరు కూర్చోవాలంటే డబ్బు కావాలి.

రాత్రిషిఫ్టు_రమ్య
బాబాయ్ గారూ, చదువుతుంటే గుండె కలుక్కుమంది. బావగారు ఎలా ఉన్నారు ఇప్పుడు?

బొమ్మనహళ్ళి_బాబాయ్
ఫోను ఎత్తరమ్మా. మేం చేసినా ఎత్తరు, అక్కయ్య ఫోనుకు చేయాలి.

హోసూరు_రోడ్డు_హరి
చాలా బాధాకరం. కానీ రాజకీయంగా చూస్తే, జాతీయ నేర గణాంకాల ప్రకారం బెంగళూరులో సైబర్ కేసులు 2022లో 10 వేల లోపు, 2023లో 17 వేలు దాటాయి. 2023 మేలో ప్రభుత్వం మారింది. 2025 నవంబర్‌లో పట్టపగలు ఆర్‌బీఐ అధికారులమని చెప్పి ఏటీఎం డబ్బు వ్యాన్ నుంచి 7.11 కోట్లు ఎత్తుకెళ్ళారు, నిందితుల్లో ఒక పోలీసు కానిస్టేబుల్! శాంతిభద్రతలు రాష్ట్రం చేతిలోవి. దీనికి కేంద్రాన్ని అనలేరు.

అంకెల_ఆనంద్
ఆ ఏడాదిలో దాదాపు అయిదు నెలలు పాత ప్రభుత్వానివే హరి గారు. పైగా కేసులు పెరిగాయంటే నేరాలు ఒక్కటే పెరిగాయని కాదు. 1930 వచ్చాక, ఆన్‌లైన్ ఫిర్యాదు వచ్చాక నమోదు కూడా పెరిగింది. మిగతా మెట్రోల కన్నా ఇక్కడ ఎక్కువగా కేసు కట్టేస్తారంటారు.

వైట్‌ఫీల్డ్_వాణి
వ్యాన్ దొంగల్ని రోజుల్లోనే పట్టుకున్నారు, డబ్బులో చాలా భాగం దొరికింది. అది కూడా ఇదే ప్రభుత్వంలోని పోలీసులే.

కేఆర్‌పురం_కిట్టు
డబ్బు కొంత మన చిత్తూరు జిల్లాలో దొరికింది కదా. మా ఆఫీసులో వారం రోజులు నన్ను చూసి "ఎక్కడ దాచావ్" అన్నారు.

రాత్రిషిఫ్టు_రమ్య
బాబాయ్ గారు చెప్పిన "పది ఖాతాలు" ఎవరివో తెలుసా? మా పీజీలో ఒక కుర్రాడుండేవాడు. డిగ్రీ అయ్యి ఏడాది దాటినా ఉద్యోగం రాలేదు. ఎవరో పరిచయమై, నీ పేరున ఖాతా తెరిచి కార్డు, సిమ్ ఇవ్వు, కొన్ని వేలు ఇస్తాం అన్నారు. ఇచ్చేశాడు. తర్వాత పోలీసులు వచ్చినప్పుడు గానీ ఆ ఖాతాలోంచి ఎంత వెళ్ళిందో వాడికి తెలియదు. తప్పు వాడిదే, నేను వెనకేసుకురావడం లేదు. కానీ ఉద్యోగాల పోస్టులు, క్రైమ్ పోస్టులు వేరువేరుగా పెట్టి కొట్టుకుంటున్నారు కదా, ఆ కుర్రాడి దగ్గర రెండూ ఒకటే.

బొమ్మనహళ్ళి_బాబాయ్
అవునమ్మా. మా బావగారి డబ్బు ఆగిన ఆ ఒక్క ఖాతా కూడా ఎవరో స్టూడెంట్‌ది.

హోసూరు_రోడ్డు_హరి
రమ్య గారి మాటకు నా దగ్గర పార్టీ జవాబు లేదు. ఉద్యోగాల మీద మేమూ అడుగుతున్నాం.

డల్లాస్_రిటర్న్
"మేమూ" అంటే? అధికారంలో ఉన్నది మీరే కదా ఢిల్లీలో.

హోసూరు_రోడ్డు_హరి
నేను ఓటరును, మంత్రిని కాదు.

వైట్‌ఫీల్డ్_వాణి
అసలు మన పన్నులో మనకు తిరిగొచ్చేదెంతో కూడా చూడాలి. కేంద్రం పంచే పన్నుల్లో 14వ ఆర్థిక సంఘం కర్ణాటకకు 4.713 శాతం ఇస్తే 15వది 2025-26 దాకా 3.647కు దించింది. మన ఆంధ్రాకు 4.305 నుంచి 4.047, తెలంగాణకు 2.437 నుంచి 2.102. అప్పుడు యూపీకి ఒక్కదానికే 17.939. సెస్సుల డబ్బు ఆ పంపకంలోకే రాదు. 2024 ఫిబ్రవరిలో జంతర్ మంతర్ దగ్గర కర్ణాటక మంత్రులంతా కూర్చుంది దీనికే.

హోసూరు_రోడ్డు_హరి
ఆ సూత్రం ఆర్థిక సంఘానిది, పార్టీది కాదు. తలసరి ఆదాయం తక్కువున్న రాష్ట్రానికి ఎక్కువ. మీ ఇంట్లో పనిచేసే అక్కకు బస్సు ఉచితం ఇవ్వాలన్నది మీరే. బీహార్ అక్కకు ఇస్తే తప్పా?

కేఆర్‌పురం_కిట్టు
ఇప్పుడు హరి అన్న సిక్స్. మ్యాచ్ టై.

వైట్‌ఫీల్డ్_వాణి
తప్పని అనలేదు. జనాభా అదుపు చేసిన దక్షిణాదికి శిక్ష పడకూడదంటున్నాను. హరి గారు అడిగింది న్యాయమైన ప్రశ్నే, అయినా దీని మీద నేను తగ్గను.

నిర్వాహకుడు
ఇక్కడిదాకా మర్యాదగా సాగింది, సంతోషం. తొలగించిన రెండు పోస్టులు కులం పేరెత్తినవి. మళ్ళీ పెడితే ఖాతా ఆపేస్తాం.

మున్నేకొళాల_మధు
అన్నీ చదివాను. నాకు అర్థమైనంతవరకు నా అద్దె, రోడ్డు గుంత, నీళ్ళ ట్యాంకర్, చెత్త, వీటిలో ఢిల్లీకి సంబంధం తక్కువ. వీటి గురించి అడగాల్సిన కార్పొరేటర్ ఎవరు మా వార్డుకు?

అంకెల_ఆనంద్
ఎవరూ లేరు. పాత పాలికె, అంటే బెంగళూరు నగరపాలక సంస్థ, కార్పొరేటర్ల గడువు 2020 సెప్టెంబర్‌లో ముగిసింది. అప్పటినుంచి అధికారుల పాలనే. రెండు పార్టీల ప్రభుత్వాలూ ఎన్నిక పెట్టకుండానే గడిపాయి. 2025 సెప్టెంబర్‌లో పాలికెను తీసేసి గ్రేటర్ బెంగళూరు కింద ఐదు కార్పొరేషన్లు చేశారు.

రాత్రిషిఫ్టు_రమ్య
మధు, నీ ఓటు ఎక్కడుంది?

మున్నేకొళాల_మధు
ప్రొద్దుటూరులో.

బొమ్మనహళ్ళి_బాబాయ్
ఇక్కడ పన్ను, అక్కడ ఓటు. మీ తరమంతా ఇంతే. ఫారం 8 నింపి ఇక్కడికి మార్చుకో.

పెనుకొండ_పిల్లోడు
నేను మార్చను బాబాయ్. ఇల్లు, పొలం, అమ్మానాన్న అక్కడ. రేషన్ నుంచి పాస్‌బుక్ దాకా పనులన్నీ అక్కడి వాళ్ళతోనే. ఇక్కడ ఉద్యోగం ఎన్నాళ్ళుంటుందో నాకే తెలియదు.

బొమ్మనహళ్ళి_బాబాయ్
నేనూ అలాగే అనుకుని వచ్చాను. పిల్లల పెళ్ళిళ్ళు కూడా ఇక్కడే అయ్యాయి.

కర్రీపాయింట్_సుబ్బు
నా ఓటు ఇక్కడే. ఐదు కార్పొరేషన్ల ఎన్నిక వస్తే మా వీధికి వచ్చే ప్రతి అభ్యర్థినీ ఆ నోటీసుల గురించే అడుగుతాను, ఏ కండువా అయినా సరే. ఆనంద్ గారూ, ఆ కాంపోజిషన్‌కు ఏ కాగితాలు కావాలో కాస్త చెప్తారా? అద్దె అగ్రిమెంట్ ఓనరు పేరున పాతది ఉంది, పనికొస్తుందా?

అంకెల_ఆనంద్
పాన్, ఆధార్, ఖాతా వివరాలు, ఫొటో, షాపు కరెంటు బిల్లు కావాలి. పాత అగ్రిమెంట్ పనికిరాదు, మీ పేరున కొత్తది రాయించుకోండి. ఓనరు వెనకాడితే సమ్మతి పత్రం మీద సంతకం చేసినా నడుస్తుంది. రిజిస్టర్ అయ్యేటప్పుడే కాంపోజిషన్ ఆప్షన్ టిక్ పెట్టండి, తర్వాత మారాలంటే కొత్త ఆర్థిక సంవత్సరం దాకా ఆగాలి.